పద్దెనిమిది ఫిల్టర్లు, ఒక పసుపు డబ్బా

(పాఠశాల స్వర్ణోత్సవాల సందర్భంగా పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

నిర్వాహకులు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "నువ్వు చేసే పని గురించి చెప్పు, కానీ తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా అర్థం కావాలి" అని షరతు పెట్టారు. నేను చేసే పని నాచారంలో చిన్న చిన్న కొలిచే పరికరాలు తయారు చెయ్యడం. ముఖ్యంగా కాంతిని కొలిచేవి. వాటిని స్పెక్ట్రోమీటర్లు అంటారు. ఆ పేరుకు భయపడకండి, ఈ బడిలోనే నేను దాన్ని మొదటిసారి విన్నాను.

మాకు అప్పుడు పీర్జాదిగూడ అంటే ఊరే. మూసీ పక్కన గడ్డి మళ్ళు, ఉప్పల్ దాకా నడక. 1980 ఫిబ్రవరి 16, శనివారం. నేను ఐదో తరగతి. ఆ మధ్యాహ్నం సూర్యగ్రహణం. మనకు దగ్గర్లోనే, ఇబ్రహీంపట్నం వైపు జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి వేధశాల ఉంది. అక్కడ అది సంపూర్ణ గ్రహణం. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో శాస్త్రవేత్తలు వచ్చారు. మేము మాత్రం తలుపులు బిగించుకుని, అన్నం గిన్నెల మీద దర్భలు వేసుకుని ఇంట్లో కూర్చున్నాం.

సోమవారం బడికి వస్తే సైన్సు మాస్టారు ఒకటే అడిగారు: "ఎవడైనా చూశాడా?" ఎవరూ చెయ్యి ఎత్తలేదు. అప్పుడు ఆయన జేబు రుమాల్లోంచి ఒక గాజు పట్టకం తీసి, కిటికీ సందులోంచి పడే ఎండలో పెట్టారు. గోడ మీద ఏడు రంగులు పడ్డాయి. "నూట పన్నెండేళ్ళ కింద ఇట్లాంటి గాజుముక్కతోనే గుంటూరులో గ్రహణం చూసి, ఈ భూమ్మీద ఎవరికీ తెలియని పదార్థం జాడ పట్టారురా. మీరు దర్భలు వేసుకున్నారు" అన్నారు. ఆయన కోపం గ్రహణం మీద కాదు, మా మీద. ఆ గుంటూరు సంగతికి మళ్ళీ వస్తాను. దాన్ని నేను పూర్తిగా అర్థం చేసుకోవడానికి నలభై ఏళ్ళు పట్టింది.

ముందు పరికరం సంగతి. కాంతిలో ఏ రంగు ఎంత ఉందో విడివిడిగా చెప్పేదే స్పెక్ట్రోమీటరు. మన కంటికి ఈ పని సరిగ్గా రాదు. కంట్లో రంగును పట్టే కణాలు మూడే రకాలు. అందుకే ఆడవాళ్ళు పట్టుచీర కొనేటప్పుడు కొట్టులో చూసి ఊరుకోరు, గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూస్తారు. ట్యూబులైటు కింద ఒకేలా కనిపించిన రెండు చీరలు ఎండలో వేరుగా కనిపిస్తాయి. అంటే ఆ రెండు రంగులు నిజానికి ఒకటి కావు, కొట్టులో మన కన్ను మోసపోయింది. స్పెక్ట్రోమీటరు అట్లా మోసపోదు. అది మూడు లెక్కలు కాదు, కొన్ని వందల లెక్కలు తీస్తుంది.

పాత పద్ధతిలో దీన్ని ఎట్లా చేస్తారంటే, సన్నటి చీలికలోంచి కాంతిని పంపి, పట్టకంతోనో, సన్నటి గీతలు గీసిన గ్రేటింగ్‌తోనో రంగులను విడగొడతారు. సీడీని ఎండలో తిప్పితే రంగులు కనిపిస్తాయి చూడండి, గ్రేటింగ్ చేసేది అదే. అయితే విడిపోయిన రంగులు ఒకదానికొకటి దూరం జరగాలంటే కాంతి కొంత దూరం ప్రయాణం చెయ్యాలి. మాస్టారి పట్టకాన్ని గోడకు ఆనించి పెడితే ఏడు రంగులు కనిపించవు, నాలుగు బారలు వెనక్కి జరగాలి. పరికరం పెద్దదవడానికి కారణం ఇదే. చీలికను ఎంత సన్నం చేస్తే రంగులు అంత బాగా విడిపోతాయి, కానీ లోపలికి వచ్చే వెలుతురు అంత తగ్గిపోతుంది. మంచి పరికరం కావాలంటే పెద్ద పెట్టె, పెద్ద ఖర్చు. హబ్సిగూడలో ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ లాంటి చోట్ల బల్లల మీద కూర్చుని ఉండే పరికరాలు అవి. అంగట్లో పసుపు కొట్టు మీద కూర్చునేవి కావు.

రెండో దారి ఒకటి ఉంది. రంగులను విడగొట్టడం మానేసి, కాంతి గ్రహించే చిప్ మీదే రకరకాల ఫిల్టర్లు అంటించడం. వాన నీళ్ళ మీద పెట్రోలు చుక్క పడితే రంగులు కనిపిస్తాయి కదా. ఆ పొర మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒక్కోచోట ఒక్కో రంగు తేలుతుంది. ఫిల్టరు కూడా అంతే. పలచటి పొరల మధ్య ఖాళీని మార్చుకుంటూ పోతే ఒక్కో ఫిల్టరు ఒక్కో రంగును దాటనిస్తుంది. మనవాళ్ళు 2008లో చంద్రయాన్-1 మీద పంపిన హైసీ అనే కెమెరాలో గ్రేటింగ్ లేదు. మందం క్రమంగా మారే వెడ్జ్ ఫిల్టరు ఒకటే పెట్టి, 400 నుంచి 950 నానోమీటర్ల దాకా 64 పట్టీల్లో చంద్రుణ్ణి చూశారు. ఏఎంఎస్ అనే కంపెనీ తయారు చేసిన చిప్ ఒకటి ఉంది, ఏఎస్7265ఎక్స్ అని. మూడు చిన్న ముక్కల్లో కలిపి పద్దెనిమిది ఫిల్టర్లు, 410 నుంచి 940 నానోమీటర్ల దాకా. ఒక్కో ఫిల్టరు వెడల్పు 20 నానోమీటర్లు. మూడు ముక్కలూ కలిపినా అగ్గిపెట్టెలో పడతాయి.

కానీ పద్దెనిమిది లెక్కలతో కొన్ని వందల రంగుల సంగతి ఎట్లా చెప్పగలం? ఇక్కడే గణితం వస్తుంది. దీన్ని కిరాణా కొట్టు లెక్కతో చెప్తాను.

మీ ఇంట్లో నెల సరుకుల చీటీ ఉందనుకోండి. బియ్యం, కందిపప్పు, చింతపండు, ఇట్లా మూడు వందల రకాలు. ఆ చీటీ నాకు చూపించరు. పద్దెనిమిది కొట్లకు పంపిస్తారు. ఒక్కో కొట్టులో ధరలు వేరు, ఆ ధరల పట్టిక నా దగ్గర ఉంది. ప్రతి కొట్టువాడూ మొత్తం బిల్లు ఎంతయిందో చెప్తాడు, అంతే. పద్దెనిమిది మొత్తాలు చూసి మీ చీటీలో ఏ సరుకు ఎంత ఉందో నేను చెప్పాలి. ఫిల్టరు అంటే కొట్టు. కాంతి అంటే చీటీ. ఫిల్టరు చెప్పేది మొత్తం బిల్లు.

ఎనిమిదో తరగతి లెక్కల ప్రకారం ఇది తేలదు. మూడు వందల తెలియని రాశులకు పద్దెనిమిది సమీకరణాలు. ఆ బిల్లులకు సరిపోయే చీటీలు లెక్కలేనన్ని ఉంటాయి. పైగా రెండు కొట్లలో ధరలు దాదాపు ఒకటే అయితే రెండో బిల్లు దండగ. అందుకే ఫిల్టర్లు ఒకదానికొకటి ఎంత వేరుగా ఉంటే అంత మంచిది. వాటి హద్దులు ఒకదాని మీద ఒకటి పడినా ఫరవాలేదు, తీరు వేరైతే చాలు. 2015లో జీ బావో, మౌంగీ బావెండి అనే ఇద్దరు 'నేచర్' పత్రికలో ఒక పని ప్రచురించారు. 195 రకాల క్వాంటమ్ డాట్లను కెమెరా చిప్ మీద ఫిల్టర్లుగా పెట్టి, 300 నానోమీటర్ల మేర కాంతిని లెక్కతో తిరిగి కట్టారు. అవి ఒక్కో రంగును విడిగా పట్టే ఫిల్టర్లు కావు, ఒక్కోటి బోలెడు రంగులను మింగేస్తుంది, కానీ ఏ రెండూ ఒకేలా మింగవు. ఆ బావెండికే క్వాంటమ్ డాట్ల మీద చేసిన కృషికి 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. అప్పటి నుంచి ఈ రంగం పరుగు అందుకుంది.

సరే, తేలని లెక్కను ఎట్లా తేలుస్తారు? పాత చీటీలు చూసి. నా దగ్గర పదివేల ఇళ్ళ చీటీలు ఉన్నాయనుకోండి. బియ్యం కొన్న ఇంట్లో పప్పు ఉంటుంది, ఉప్పు యాభై కిలోలు ఎవరూ కొనరు, ఇట్లాంటివన్నీ నాకు తెలిసిపోతాయి. లెక్కలేనన్ని జవాబుల్లో 'ఇల్లు అన్నాక ఇట్లా ఉంటుంది' అనిపించేదాన్ని ఎంచుకుంటాను. ఈ ఎంచుకోవడాన్ని యంత్రానికి నేర్పడమే మెషిన్ లెర్నింగ్. అందులో మాయ ఏమీ లేదు. కొలవని భాగాన్ని అలవాటుతో పూరించడం, అంతే. చాలాసార్లు అది బ్రహ్మాండంగా పని చేస్తుంది. నేను దాని మీదే బతుకుతున్నాను.

ఇప్పుడు పసుపు కథ. కొన్నేళ్ళ కింద మేము, నాచారంలో ఓ షెడ్డులో అయిదుగురం, పసుపులో కల్తీ పట్టే పెట్టె చేశాం. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. పసుపు పొడి చిన్న గిన్నెలో పోసి మూత పెడితే లోపల ఎల్‌ఈడీ వెలుగుతుంది, పొడి మీద నుంచి తిరిగి వచ్చిన కాంతిని పద్దెనిమిది ఫిల్టర్లు చూస్తాయి. మెటానిల్ ఎల్లో అనే రంగు కలిపితే ఎర్ర లైటు, లేకపోతే పచ్చ లైటు. మెటానిల్ ఎల్లోను ఆహారంలో వాడకూడదు. పసుపులో ఉండే కుర్కుమిన్‌దీ దానిదీ రంగు ఒకటే, కంటికి తేడా తెలియదు. రెండూ నీలం వైపు కాంతిని మింగేస్తాయి. తేడా ఎక్కడో ఒక్క గీతలో ఉండదు, మొత్తం వంపులో ఉంటుంది. లెక్కతో పట్టాల్సిన పనికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు అనుకున్నాం.

కొమ్ములు కొని మేమే దంచి స్వచ్ఛమైన పొడి చేశాం. కొంత పొడిలో రంగు తూచి కలిపాం. వందల సార్లు కొలిచి యంత్రానికి నేర్పాం. పరీక్ష పెడితే దాదాపు అన్నీ సరిగ్గా చెప్పింది. మిఠాయిలు పంచుకున్నాం కూడా.

ఇదే బడిలో నాతో చదువుకున్న ఒక మిత్రుడి నాన్నది ఆర్మూరు దగ్గర ఊరు. జీవితమంతా పసుపు పండించిన మనిషి. నేను ఆయన్ని కాక అంటాను. పెట్టె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను, గొప్ప చూపించుకోవడానికే. కాక స్వయంగా పండించి, ఉడకబెట్టి, ఎండబెట్టి, ఇంట్లో పట్టించిన పసుపు తెచ్చారు. పక్కిళ్ళ వాళ్ళు కూడా చేరారు. మొదట నేను తీసుకెళ్ళిన పొడులు ఒక్కొక్కటీ పెట్టి చూపించాను, అన్నీ సరిగ్గా వచ్చాయి. తర్వాత కాక పసుపు పెట్టాను. ఎర్ర లైటు.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఎర్ర లైటు. ఎవరో నవ్వారు. కాక నవ్వలేదు. "ఏంది బిడ్డా, నా చేన్ల పండిన పసుపు దొంగదంటదా నీ డబ్బా?" అన్నారు. నేను పెట్టె తప్పయి ఉంటుందని చెప్పాను గానీ, అందరి ముందూ లైటు వెలిగిపోయింది. అదే మాట మార్కెట్ యార్డులో, ఆయన కుప్ప ముందు, కొనేవాడి చేతిలో ఉన్న పెట్టె చెప్పి ఉంటే? ఆ ఏడాది పంట ధర ఏమయ్యేది? ఆ రాత్రి బస్సులో నిద్ర పట్టలేదు.

హైదరాబాదు వచ్చాక ఆ పసుపు కొంచెం నీళ్ళలో కలిపి హైడ్రోక్లోరిక్ ఆసిడ్ చుక్కలు వేశాం. మెటానిల్ ఎల్లో ఉంటే గులాబీ రంగు వస్తుంది. రాలేదు. కల్తీ లేదని తెలిసింది. మరి యంత్రం ఏం చూసింది? నెల రోజులు వెతికాం. చివరికి మా కుర్రాడొకడు విసుగొచ్చి, గిన్నెలో పసుపు అసలు పొయ్యకుండా ఒక తెల్లటి టెఫ్లాన్ బిళ్ళ పెట్టాడు. పొద్దున పెడితే పచ్చ లైటు. మధ్యాహ్నం పెడితే ఎర్ర లైటు. పసుపే లేదు, అయినా కల్తీ!

అప్పుడు అర్థమైంది. మేము నేర్పేటప్పుడు గిన్నెకు రంగు అంటుకోకూడదని స్వచ్ఛమైన పొడులన్నీ పొద్దున కొలిచాం, కల్తీవి మధ్యాహ్నం కొలిచాం. మధ్యాహ్నానికి ఎల్‌ఈడీ వేడెక్కి ఉంటుంది. వేడెక్కితే దాని వెలుగు కొంచెం తగ్గుతుంది, రంగు కూడా ఒక వెంట్రుకవాసి మారుతుంది. యంత్రం పసుపును నేర్చుకోలేదు, వేడిని నేర్చుకుంది. మేము పెట్టిన పరీక్షలో కూడా అదే పొద్దున, అదే మధ్యాహ్నం. ప్రాక్టీసు చేసిన ప్రశ్నలే పరీక్షలో వస్తే నూటికి నూరు రాకుండా ఎట్లా ఉంటాయి? కాక ఇంట్లో నా పొడులన్నీ చూపించేసరికి పెట్టె వేడెక్కింది. ముందు స్వచ్ఛమైనవి చూపించి తర్వాత కల్తీవి చూపించాను కాబట్టి అవి సరిగ్గా వచ్చాయి. ఆఖర్న వచ్చిన కాక పసుపు బలైపోయింది.

సరిచెయ్యడం కష్టం కాలేదు. ప్రతి కొలతకు ముందు తెల్ల బిళ్ళను చూసి ఎల్‌ఈడీ ఆ క్షణంలో ఎట్లా ఉందో తెలుసుకోవడం. పొడులను కలగాపులగంగా కొలవడం. ఒక ఊరి పసుపుతో నేర్పితే వేరే ఊరి పసుపుతో పరీక్ష పెట్టడం. ఇదంతా పాత కాలపు ప్రయోగశాల క్రమశిక్షణే, కంప్యూటరు రాకముందు నుంచీ ఉన్నదే. కంప్యూటరు ఉందన్న ధీమాతో మేము వదిలేశాం.

ఇప్పుడు గుంటూరుకు వస్తాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం గుంటూరు, మచిలీపట్నాల మీదుగా వెళ్ళింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియర్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాలకు చెందిన నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో స్పెక్ట్రోస్కోపులు పెట్టుకుని కూర్చున్నారు. సూర్యుడి అంచున ఎగసే మంటల కాంతిలో మెరిసే గీతలు కనిపించాయి. అవి ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండా కూడా వీటిని చూడొచ్చని జాన్సెన్‌కు తట్టింది. మర్నాడే గుంటూరులో, మామూలు ఎండలో, చూశాడు. ఆ గీతల్లో ఒకటి పసుపు పచ్చనిది. పసుపు గీత అంటే సోడియం, అప్పటికి అందరికీ తెలిసిన సంగతి. మన ఉప్పులో ఉండే సోడియమే. ఆ గ్రహణం చూసినవాళ్ళలో చాలామంది అది సోడియం గీతే అనుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే చూసి, ఆ గీత సోడియం గీతల మీద సరిగ్గా పడటం లేదని గమనించాడు. కొంచెం పక్కకు ఉంది. ఎంత పక్కకు? సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర. ఇది 587.6 దగ్గర. ఒకటిన్నర నానోమీటరు తేడా! ఆ తేడాయే హీలియం. భూమ్మీద దాన్ని విలియం రామ్సే పట్టుకున్నది 1895లో, అంటే ఇరవై ఏడేళ్ళ తర్వాత.

మా పెట్టెను ఆ రోజు గుంటూరు తీసుకెళ్ళి ఉంటే ఏం చెప్పేది? మా పద్దెనిమిది ఫిల్టర్లలో ఒకటి 585 దగ్గర ఉంది, వెడల్పు 20. సోడియం గీతలు రెండూ, హీలియం గీతా అన్నీ ఆ ఒక్క ఫిల్టర్లోనే పడతాయి. కొట్టు భాషలో చెప్పాలంటే, ఆ రెండు సరుకుల ధర నా పట్టికలో దాదాపు ఒకటే. ఇక మిగిలింది అలవాటు. అప్పటికి తెలిసిన మూలకాలన్నీ నేర్పిన యంత్రం "సోడియం" అని ఖాయంగా చెప్పేది. అనుమానం కూడా వచ్చేది కాదు. గాజు పట్టకం, ఒక మనిషి కన్ను, "ఇది సరిగ్గా పడటం లేదే" అన్న చిరాకు, వీటివల్ల దొరికింది హీలియం. మా మాస్టారు ఆ సోమవారం గోడ మీద రంగులు చూపిస్తూ చెప్పింది ఇదేనని నాకు ఆర్మూరు నుంచి వచ్చాకనే తట్టింది.

అంటే చిన్న పరికరాలు పనికిరావని నేను అనడం లేదు. ఏం వెతకాలో ముందే తెలిసిన చోట అవి బంగారం. పండు పండిందా లేదా, ఈ డబ్బాలో రంగు నిన్నటి డబ్బాలో రంగుతో కలుస్తుందా, ఇట్లాంటివాటికి వందల లెక్కలు అక్కర్లేదు. తెలియనిది వెతకడానికి మాత్రం అవి కావు.

మేము ఆ తర్వాత పెట్టెకు మూడో లైటు పెట్టాం. "తెలియదు" అనే లైటు. యంత్రం ఊహించిన చీటీని మళ్ళీ పద్దెనిమిది కొట్ల ధరలతో లెక్కగడతాం. అసలు బిల్లులతో కలవకపోతే, లేదా ఆ బిల్లుల తీరు నేర్చుకున్న ఏ పసుపుకీ దగ్గరగా లేకపోతే, ఎరుపూ పచ్చా కాకుండా ఆ మూడోది వెలుగుతుంది. ఇది అన్ని తప్పులనూ పట్టదు. హీలియం లాంటిదాన్ని అసలు పట్టదు, ఎందుకంటే అక్కడ బిల్లు కలిసిపోతుంది. అయినా కాక పసుపు లాంటి సందర్భాల్లో చాలావాటిని ఆపుతుంది.

ఈ మూడో లైటు మీద మా షెడ్డులో ఇప్పటికీ గొడవే. అమ్మకాలు చూసేవాళ్ళు అంటారు, "సార్, డబ్బులు పెట్టి కొన్నవాడికి తెలియదు అని చెప్పే మిషన్ ఎవడు కొంటాడు?" వాళ్ళ మాటలో నిజముంది. ఒక పెద్ద కొనుగోలుదారు ఆ లైటు తీసేస్తే వెంటనే ఆర్డరు ఇస్తానన్నాడు. తియ్యలేదు. ఆర్డరు రాలేదు. ఆ నెల జీతాలకు కొంచెం ఇబ్బంది పడ్డాం. మా భాగస్వాముల్లో ఒకాయన నాతో సరిగ్గా మాట్లాడటం మానేశాడు. నేను చేసింది తెలివైన వ్యాపారమా అంటే, కాకపోవచ్చు.

అటువంటి పెట్టె ఒకటి ఈ రోజు బడి ప్రయోగశాలకు ఇస్తున్నాను. అడుగున నాలుగు మరలు ఉన్నాయి, విప్పి లోపల చూడొచ్చు, విప్పి చూడమనే ఇస్తున్నాను. పక్కనే ఒక గాజు పట్టకం కూడా పెట్టాను. మూడో లైటుకు మేము పసుపు రంగు ఎల్‌ఈడీ వేశాం. పసుపు పరీక్ష చేసే పెట్టెకు పసుపు లైటు ఏమిటని మా ఆవిడ మొదటి రోజే అంది, ఇంతవరకూ మార్చలేదు. పిల్లలు మార్చేస్తే సంతోషం.

భోజనాల తర్వాత వేపచెట్టు కింద బల్ల మీద దాన్ని పెడతాను. ఇంటి నుంచి పసుపు తెమ్మని వాట్సాప్ గ్రూపులో పోస్ట్ పెట్టాను, చాలామంది పొట్లాలు తెచ్చారని విన్నాను. పొట్లం మీద ఊరి పేరు, కొమ్ములు కొని దంచించిందా లేక ప్యాకెట్టా, అది మాత్రం రాయండి. పేరు లేని పొట్లం నాకు పనికిరాదు. ఆర్మూరు నుంచి కాక కూడా ఒక డబ్బా పంపారు, దాన్ని మొదట పెడదాం.